సత్య నాదెళ్ల నాయకత్వం: వీసా మీద ఉన్న ఉద్యోగి కళ్లతో

అమెరికాలో మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న రెడ్మండ్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లు కలిస్తే ఎక్కడో ఒకచోట ఆ కంపెనీ సీఈఓ సత్య నాదెళ్ల పేరు రాకమానదు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేయని నాలాంటివాళ్లు కూడా ఆయన గురించి వాదించుకుంటారు. మనవాడన్న అభిమానం కొంత ఉంది, కాదనను. నాకు మాత్రం ఆయన మీద గౌరవం పెరిగింది 1994 నాటి సంగతి తెలిసినప్పుడు. అప్పటికే ఆయనకు గ్రీన్ కార్డు, అంటే అమెరికాలో శాశ్వతంగా ఉండే అనుమతి, ఉంది. కానీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ల భార్య అమెరికా రావాలంటే ఏళ్లు ఆగాల్సి వచ్చేది. హెచ్-1బి అనే తాత్కాలిక ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భార్యకైతే ఆ బాధ ఉండేది కాదు. అందుకే ఆయన భార్యను తెచ్చుకోవడానికి ఢిల్లీలోని అమెరికా ఎంబసీకి వెళ్లి గ్రీన్ కార్డు తిరిగి ఇచ్చేసి హెచ్-1బికి మారారు. ఇక్కడ గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవాళ్లకు అదెంత పెద్ద నిర్ణయమో వివరించక్కర్లేదు.

2014 ఫిబ్రవరిలో ఆయన సీఈఓ అయ్యేనాటికి మైక్రోసాఫ్ట్‌లో టీములు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయన్న పేరుండేది. టీములో కొందరికి తప్పనిసరిగా తక్కువ మార్కులు వేసే స్టాక్ ర్యాంకింగ్ దానికి ఒక కారణం. దాన్ని తీసేసిన ఘనత చాలామంది నాదెళ్లకు ఇస్తారు గానీ, అది 2013 నవంబర్‌లో, ఆయనకు ముందు సీఈఓ అయిన స్టీవ్ బాల్మర్ హయాంలోనే పోయింది. నాదెళ్ల చేసింది ఆ తర్వాతి పని. కరోల్ డ్వెక్ అనే మనస్తత్వవేత్త ఆలోచనలు తీసుకుని, అన్నీ తెలిసినవాడి కన్నా నేర్చుకునేవాడే మేలన్న మాట కంపెనీ అంతా పదేపదే చెప్పించారు.

ఇది పోస్టర్ మీద రాసుకునే మాటలా కనిపిస్తుంది. బయటి దేశం నుంచి వచ్చినవాళ్లకు మాత్రం దీని విలువ వేరు. గట్టిగా మాట్లాడినవాడే గెలిచే మీటింగుల్లో మనం వెనకబడిపోతాం. వాక్యం మనసులో కూర్చుకునేలోపు చర్చ ముందుకెళ్లిపోతుంది. తెలియదని ఒప్పుకుంటే రివ్యూలో దెబ్బ పడుతుందన్న భయం. నేను పనిచేసే చోట ఒక కొత్త మేనేజర్ వచ్చి, మీటింగుకు ముందే అందరి అభిప్రాయాలూ రాసి పంపమన్నారు. అప్పటిదాకా నోరు విప్పనివాళ్ల డిజైన్లే రెండు రిలీజుల్లోకి వెళ్లాయి. పైనున్నవాళ్లు వినడం మొదలుపెడితే లాభపడేది ముందుగా మనమే. ఆ పద్ధతికి ఈ ఊళ్లో గౌరవం తెచ్చినవాళ్లలో నాదెళ్లది పెద్ద చెయ్యి అని నా నమ్మకం.

పాత పట్టుదలలు వదులుకోవడం ఆయన రెండో బలం. విండోస్‌కు పోటీగా ఉచితంగా దొరికే లైనక్స్‌ను ఒకప్పుడు క్యాన్సర్‌తో పోల్చిన కంపెనీ దాన్ని అక్కున చేర్చుకుంది, 2018లో ప్రోగ్రామర్లు కోడ్ దాచుకుని పంచుకునే గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొన్నది.

లోపాలూ చిన్నవి కావు. 2014 అక్టోబర్‌లో, ఫీనిక్స్‌లో మహిళా ఇంజనీర్ల సదస్సులో, జీతం పెంచమని అడగక్కర్లేదు, వ్యవస్థను నమ్మితే అదే వస్తుందన్న అర్థంలో మాట్లాడారు. తలవంచుకుని పనిచేస్తే గుర్తింపు దానంతటదే వస్తుందన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. అది అమెరికాలో మనకు ఏళ్ల తరబడి నష్టం చేస్తోంది. ఆయన స్థాయి మనిషి నోట అదే మాట రావడం నాకు బాధ కలిగించింది. అదే రోజు తప్పు ఒప్పుకుని, అర్హత ఉందనిపిస్తే అడగండి అని ఉద్యోగులకు రాశారు. భద్రత విషయంలో అంత త్వరగా మేలుకోలేదు. కంపెనీ భద్రతా సంస్కృతి సరిపోదని 2024 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ సమీక్షా బోర్డు తేల్చాక గానీ దాన్ని అన్నిటికన్నా ముందు పెట్టమని ఆదేశించలేదు.

అసలు ప్రశ్న లేఆఫ్‌ల దగ్గర వస్తుంది. 2014లో 18,000 మంది, 2023లో 10,000 మంది, 2025 మే, జులైల్లో కలిపి 15,000 మంది దాకా. 2014లో నోకియా ఫోన్ల వ్యాపారం కొన్నాక చేసిన కోతలు నాకు అర్థమవుతాయి. ఏడాది లాభం 10,000 కోట్ల డాలర్లు దాటిన 2025లో కోతలకు అలాంటి కారణం నాకు కనిపించదు. సానుభూతి గురించి అంతగా మాట్లాడే నాయకుణ్ని ఇక్కడే గట్టిగా అడగాలి.

న్యాయంగా ఒకటి చెప్పాలి. 2023లో అమెరికా ఉద్యోగులకు చట్టం అడిగినా అడగకపోయినా 60 రోజుల నోటీసు ఇస్తామన్నారు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోయాక దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులే. అది సాధారణంగా జీతం అందిన చివరి రోజు నుంచి లెక్క. అంటే ఆ నోటీసుతో చేతిలో ఉండే సమయం రెట్టింపు. వేరే కంపెనీలో పనిచేసిన నా స్నేహితుడికి రెండు వారాలు కూడా ఇవ్వలేదు, కాబట్టి ఈ తేడా నాకు బాగా తెలుసు.

అయినా ఉద్యోగం మిగిలినవాళ్ల టెన్షన్ గురించి ఏ పెద్ద కంపెనీ సీఈఓ మాట్లాడగా నేను వినలేదు. ఆరు నెలల్లోపు అదే ప్రాంతంలో అదే రకం ఉద్యోగాలు తీసేస్తే, గ్రీన్ కార్డు కోసం కంపెనీ పర్మ్ (ఆ ఉద్యోగానికి అమెరికా వర్కర్లు దొరకలేదని కార్మిక శాఖకు పెట్టే దరఖాస్తు) వేసేముందు ఆ తీసేసినవాళ్లలో అర్హులైన అమెరికా వర్కర్లకు తెలియజేసి, వాళ్లను పరిశీలించాలి. అందుకని చాలా కంపెనీలు పర్మ్‌నే ఆపేస్తాయి. హెచ్-1బి ఆరేళ్ల గడువు ముగింపు దగ్గరపడుతున్నవాళ్లకు అది ఉద్యోగం పోయినంత పని. నాదెళ్ల లాంటివాళ్లు లేఆఫ్ ఉత్తరంలోనే పర్మ్ ఎప్పుడు మొదలవుతుందో ఒక నెల పేరు రాస్తే, ఇంటి లీజు పొడిగించాలో వద్దో, పిల్లల్ని ఏ స్కూల్లో ఉంచాలో ఆ కుటుంబాలు నిర్ణయించుకోగలుగుతాయి.