మంగళగిరి చీర, ఉప్పునీళ్లు, గూగుల్: నా అనుభవం

పత్రికా కార్యాలయంలో పద్దెనిమిదేళ్లు డెస్కు మీద పనిచేసినదాన్ని కనుక, వెబ్‌సైటుకు నాలుగు పేజీలు రాయడం నాకొక పని కాదనుకున్నాను. మా అత్తవారిది మంగళగిరిలో చేనేత చీరల కొట్టు. "వదినా, సైటు చూసి ఒక్కరూ ఫోను చేయడం లేదు, నువ్వే రాసిపెట్టు" అని మా మరిది అడిగినప్పుడు వారంలో తేల్చేస్తానని మాటిచ్చాను. ఏడాది పట్టింది.

ముందుగా పాత సైటును పేజీ పేజీగా చూశాను. చీరల వర్ణనలన్నీ ఎవరో డీటీపీ ఆపరేటరు అను ఫాంట్లలో కంపోజు చేసి, బొమ్మలుగా మార్చి అతికించినవి. ఒకటి రెండు చోట్ల బొమ్మగా మార్చకుండానే అతికించడంతో తెలుగు ఉండాల్సిన చోట అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కనిపిస్తున్నాయి. అటువంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరం తెర మీద కనిపించే ఆకారం మాత్రమే. లోపల నమోదయ్యేది మరో అక్షరపు సంకేతం. యూనికోడ్‌లో రాసినప్పుడే 'చీర' అన్న మాట యంత్రానికి 'చీర'గా అందుతుంది. ఏళ్ల తరబడి అను ఫాంట్లతోనే పత్రిక పేజీలు దించినదాన్ని, ఈ సంగతి నాకు మొదటిరోజే తట్టి ఉండాల్సింది. ఉన్నదంతా యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయడానికే పది రోజులు పోయాయి.

అంతకంటే పెద్ద చిక్కు, పదిహేను రోజుల్లో గూగుల్ ఫలితాల మొదటి పేజీలోకి సైటును తెస్తానని చెప్పి డబ్బు తీసుకున్న ఒకతను చేసి వెళ్లిన పని. ప్రతి పేజీ అడుగునా తెల్లటి నేపథ్యం మీద తెల్లటి అక్షరాలతో 'మంగళగిరి చీరలు, మంగళగిరి కాటన్ చీరలు, తక్కువ ధరకు మంగళగిరి చీరలు' అని గొలుసుకట్టుగా రాసిపెట్టాడు. విజయవాడ, హైదరాబాదు, వరంగల్లు, విశాఖపట్నం అంటూ ఊరికొక పేజీ తయారుచేసి, ఊరి పేరు తప్ప మిగిలినదంతా ఒకటే ఉంచాడు. ఈ రెండూ గూగుల్ తన స్పామ్ విధానాల్లో పేరుపెట్టి మరీ వద్దన్నవే. కోడ్‌లో కీవర్డ్స్ ట్యాగును, అంటే చదివేవారికి కనిపించకుండా వెతుకులాట మాటలు రాసిపెట్టే చోటును కూడా నిండా నింపాడు. ర్యాంకు ఇచ్చేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. సైటు గూగుల్‌లో ఎలా ఉందో యజమానికి చూపే సెర్చ్ కన్సోల్ తెరిచి చూస్తే, ఊరి పేజీల్లో చాలావాటిని గూగుల్ వచ్చి చదివింది గానీ, ఫలితాలు ఏరి చూపే తన జాబితాలో (ఇండెక్సులో) చేర్చుకోలేదు. డబ్బు పోసి చేయించినవి కాబట్టి వాటిని తీసేయడానికి మా మరిదికి మనసొప్పలేదు. రెండు రోజులు వాదించి తీసేయించాను.

ఆ తరవాత నేను రాసినవి మాత్రం ఏం వెలగబెట్టాయి కనుక! పత్రికలో శీర్షిక కాస్త ఊరించాలి, విషయాన్ని సగం దాచాలి. ఆ అలవాటు కొద్దీ మగ్గం చరిత్ర మీద రాసిన వ్యాసానికి 'నూలుపోగుల మీద నడిచిన కాలం' అని పేరుపెట్టాను. ఆదివారం అనుబంధంలో అయితే బాగానే ఉండేది. కానీ ఆ మాటలు టైపు చేసి వెతికే మనిషి ఈ లోకంలో ఉండడు. పత్రిక చేతిలో పట్టుకున్న పాఠకుడు తీరిగ్గా పేజీలు తిప్పుతూ ఉంటాడు, ఊరిస్తే ఆగుతాడు. వెతికే మనిషి ఒక ప్రశ్నతో వస్తాడు, దానికి జవాబు ఎక్కడుందో పది ఫలితాల మధ్య ఒక్క చూపులో పోల్చుకోవాలి. మూడు నెలలపాటు నా వ్యాసాలను మా బంధువులే చదివారు.

అప్పుడు రెండు వారాలు కొట్లో కూర్చుని, వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలను వాళ్ల మాటల్లోనే నోటుపుస్తకంలో రాసుకున్నాను. రంగు దిగుతుందా? ఇంట్లో ఉతకొచ్చా, డ్రైక్లీనింగుకు ఇవ్వాలా? గంజి పెట్టాలా? జరీ నల్లబడుతుందా? ఇది మగ్గం మీద నేసిందేనా? నేను 'నిజాం అంచు' అని రాసిన చోట అందరూ 'నిజాం బోర్డర్' అంటున్నారు. నేను పట్టుబట్టి రాసిన 'మరమగ్గం' ఒక్కరి నోటా రాలేదు, అందరిదీ 'పవర్‌లూమే'. ఆ ప్రశ్నలను గూగుల్‌లో సగం వరకు టైపు చేసి, మిగతా సగానికి అది చూపే సూచనలతో పోల్చుకున్నాను. తెలుగు ప్రశ్ననే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసేవారు చాలామంది, పైగా ఒక్కొక్కరిది ఒక్కో స్పెల్లింగు. ఆ రూపాలన్నిటినీ పేజీలో కూరితే మళ్లీ ఆ పదిహేను రోజుల మనిషి దారే అవుతుంది. పైగా ఒకే అర్థమున్న మాటలన్నీ రాయాల్సిన అవసరమూ కొంత తగ్గింది: ఒక మాటను దాని చుట్టూ ఉన్న మాటలతో కలిపి అర్థం చేసుకునే బెర్ట్ పద్ధతిని గూగుల్ 2019 డిసెంబరులో తెలుగుతో సహా 70కి పైగా భాషలకు విస్తరించింది. అందుకని శీర్షికలో జనం మాట పెట్టి, లోపల ఒక్కచోట పుస్తకం మాట రాసి ఊరుకున్నాను. బెంగళూరు నుంచి, అమెరికా నుంచి కొనేవారి కోసం ఇంగ్లీషు పేజీని విడిగా రాశాను.

చీర ఉతకడం మీద పేజీ రాసేముందు అప్పటికే పైన కనిపిస్తున్న పేజీలన్నీ చదివాను. అన్నిట్లోనూ ఒకటే మాట: మొదటిసారి ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుంది. నేనూ అదే రాసి అత్తయ్యకు చదివి వినిపించాను. ఆవిడ నలభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్న మనిషి. "ఉప్పేస్తే రంగు ఆగిద్దని ఎవరు చెప్పారమ్మాయ్? అద్దకంలో నిలవని రంగు బకెట్లో నిలుస్తదా?" అంది. మర్నాడు ముదురు నీలం గుడ్డ నుంచి రెండు ముక్కలు కత్తిరించి, ఒకటి మామూలు నీళ్లలో, ఒకటి ఉప్పునీళ్లలో నానబెట్టి ఫొటోలు తీశాం. రెండు గిన్నెల్లోనూ నీళ్లు నీలంగానే మారాయి. ఆ ఫొటోలతో పేజీని మొదటినుంచీ తిరగరాశాను. ఫలితాల నాణ్యతను అంచనా వేసే మనుషుల కోసం గూగుల్ రాసిన మార్గదర్శకాల్లో 2022 డిసెంబరులో 'స్వానుభవం' అన్న అంశాన్ని చేర్చారని చదివాను. ఆ మనుషులిచ్చే మార్కులు నేరుగా ఏ పేజీ ర్యాంకునూ మార్చవు గానీ, తన యంత్రం ఎటువంటి రాతను మెచ్చాలని గూగుల్ కోరుకుంటోందో వాటివల్ల అర్థమవుతుంది.

శీర్షిక సాదాగా పెట్టాను: 'మంగళగిరి కాటన్ చీర ఇంట్లో ఉతకడం ఎలా? రంగు దిగుతుందా?' జవాబు మొదటి పేరాలోనే ఇచ్చాను. ముఖ్యమైన సంగతి వార్త మొదట్లోనే రావాలన్న డెస్కు పాఠం ఇక్కడ పనికొచ్చింది, శీర్షికల విద్యే పనికిరాలేదు. ఫోనుతో తీసిన బరువైన ఫొటోలను మరిది కుదించి పెట్టాడు; పేజీలోని ప్రధాన భాగం రెండున్నర సెకన్లలోపు తెర మీదికి రావాలన్నది గూగుల్ పెట్టిన కొలత. ప్రతి ఫొటోకూ అందులో ఏముందో ఒక వాక్యం రాసి జతచేశాం.

ఐదో నెలలో ఆ పేజీ గూగుల్ మొదటి పేజీలోకి వచ్చింది. చీరలు అమ్మే పేజీ మాత్రం పెద్ద పెద్ద అమ్మకపు సైట్ల వెనకాల ఇప్పటికీ రెండో పేజీలోనే ఉంది, అది దాటుతుందన్న ఆశ నాకు పెద్దగా లేదు. ఇంగ్లీషు పేజీకి ఇంకో తంటా వచ్చిపడింది: గూగుల్ ఏఐ జవాబే పైన వచ్చేస్తుండటంతో, పేజీ ఎక్కువమందికి కనిపిస్తున్నా లోపలికి వచ్చేవారు తగ్గారు. "ఉతకడం కోసం వచ్చినవాళ్లు చీరలు కొంటారా వదినా?" అని మరిది ఇంకా అనుమానంగానే అడుగుతాడు. ఉతికే పేజీ నుంచి చీరల పేజీకి లింకు ఇచ్చాం, కొందరు అటు వెళ్లి కొన్నారు. ఈమధ్య ఫోను చేసేవారు ధర కంటే ముందు ఉప్పు సంగతి అడుగుతున్నారు; అప్పుడు ఫోను అత్తయ్య చేతికిస్తున్నాం.