ప్లానెట్ జూలో చీతాల వంశవృక్షం: ఆట ఎంతవరకు వచ్చిందంటే

ఫ్రాంటియర్ సంస్థ 2019లో విడుదల చేసిన ప్లానెట్ జూ అనే కంప్యూటర్ ఆటలో ఆఫ్రికా జంతువులకు మాత్రమే చోటిచ్చే జూను కొంతకాలంగా కడుతున్నాను. మా టెక్కలిలో వానలు పడితే కరెంటూ నెట్టూ తరచుగా పోతుంటాయి కాబట్టి, నెట్ తప్పనిసరైన ఫ్రాంచైజ్ మోడ్ అనే ఆట పద్ధతిని పక్కనపెట్టి, నెట్ లేకున్నా నడిచే చాలెంజ్ మోడ్‌లో ఆడుతున్నాను. నా ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది. నీడల సెట్టింగును బాగా తగ్గించాక, జూకు వచ్చే జనం పెరిగినా ఆట తడబడడం లేదు.

జీబ్రాలు, ఆస్ట్రిచ్‌లు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. అసలు పని చీతాలతో మొదలైంది. వాటి ఆవరణలో పొడవు గడ్డి ఎంత, పొట్టి గడ్డి ఎంత, మట్టి ఎంత ఉండాలో ప్యానెల్‌లోని గీతలు చూపిస్తాయి. ఆ గీతలన్నీ పచ్చగా మారేదాకా నేలపై గడ్డినీ మట్టినీ కొద్దికొద్దిగా పూస్తూ పోవాలి. అంతకంటే ఓపిక కావలసింది జన్యువుల దగ్గర. ప్రతి జంతువుకూ పరిమాణం, ఆయుష్షు, సంతానశక్తి, రోగనిరోధకశక్తి అనే నాలుగు లక్షణాలకు వేర్వేరుగా అంకెలు ఉంటాయి. దగ్గరి బంధువులను జతకడితే పుట్టే పిల్లల్లో ఈ లక్షణాలు దెబ్బతింటాయి.

ఇది ఆట కోసం కల్పించిన చిక్కు కాదు. సుమారు పది, పన్నెండు వేల ఏళ్ల క్రితం చీతాల సంఖ్య దారుణంగా పడిపోయిందనీ, నేటి చీతాలన్నీ జన్యుపరంగా ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉండడానికి అదొక కారణమనీ శాస్త్రవేత్తలు చెబుతారు. మన దేశంలో 1952లో అంతరించిందని ప్రకటించిన ఈ జంతువును 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ పార్కుకు తెచ్చినప్పటి నుంచి దాని గురించి ఆసక్తిగా చదువుతున్నాను కాబట్టి, ఆటలోని ఈ భాగం నాకు ఎంతో నచ్చింది.

కొత్త జంతువును కొనేముందు ఆటను పాజ్‌లో పెట్టి, ఆటలోని జంతువుల సంతలో ఉన్న వాటి నాలుగు అంకెలనూ నోటుపుస్తకంలో రాసుకుంటాను. ఒకే తల్లి పిల్లలు ఎదగకముందే ఆడవాటిని వేరే ఆవరణకు మారుస్తాను, అది కుదరనప్పుడు గర్భనిరోధకాన్ని ఆన్ చేస్తాను. బాగా ఎదిగిన పిల్లలను అడవికి విడిచిపెడితే కన్జర్వేషన్ క్రెడిట్లు (ఆటలో జంతువులను కొనడానికి పనికొచ్చే పాయింట్లు) వస్తాయి, వాటితో బంధుత్వం లేని మగచీతాను తెచ్చుకుంటాను. డబ్బుకు అమ్మడం కంటే ఈ దారే మేలని నా అభిప్రాయం.

చూడడానికి వచ్చే జనం ఎక్కువైతే చీతాలు బెదురుతాయి. మా పక్కనే ఉన్న తేలినీలాపురంలో గూడు కట్టుకున్న కొంగలను దూరం నుంచి మాత్రమే చూడాలని మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆటలోనూ కంచెకు ఒకవైపు నుంచి మాత్రమే కనిపించే అద్దం పెట్టి, దాగడానికి ఒక గుహ కట్టాక చీతాల ఒత్తిడి తగ్గింది.

ఇక 2021 జూన్‌లో వచ్చిన ఆఫ్రికా ప్యాక్ అనే అదనపు భాగంలోని దక్షిణ తెల్ల ఖడ్గమృగాన్ని తెచ్చుకోవడం మిగిలింది. పంతొమ్మిదో శతాబ్దం చివరికి దక్షిణాఫ్రికాలో వందకు లోపే మిగిలిన ఆ జాతి, కాపలా వల్ల మళ్లీ వేల సంఖ్యకు పెరిగింది. ఒక జతకు సరిపడా క్రెడిట్లు చేరాయి కాబట్టి, ముందు గట్టి కంచె వేసి, బురదగుంట ఏర్పాటు చేసి, ఆ తరువాత సంతలో బంధుత్వం లేని రెండింటిని వెతుకుతాను.