కారుకి ఇంట్లోనే రంగు: షేడ్ కార్డు కంటే ముందు పాత పెయింట్, క్లియర్ సంగతి

కారుకి సొంతంగా రంగు వేద్దామనుకున్నవాళ్లు ముందుగా షేడ్ కార్డు తిరగేస్తారు. అసలు ముందు తెలియాల్సింది ఇప్పుడు కారు మీద ఉన్నది ఏ పెయింటో. దూదిని ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ అనే పాతకాలపు పెయింట్) థిన్నర్‌లో ముంచి డోరు కింది అంచున అర నిమిషం రుద్దండి. ఇదివరకు రిపేరైన ప్యానెళ్లన్నిటినీ విడివిడిగా చూడాలి. రంగు పైపైన కాస్త అంటితే పట్టించుకోనక్కర్లేదు. పూతే మెత్తబడి జిగురుగా మారితే మాత్రం అది ఎన్‌సీ. దాని మీద నేరుగా పీయూ (హార్డ్‌నర్ అనే ద్రవం కలిపితే గట్టిపడే పాలీయురెథేన్ పెయింట్) కొడితే కొత్త పెయింట్‌లోని థిన్నర్ పాతదాన్ని లేపేసి ముడతలు తెప్పిస్తుంది. అక్కడ గీకేయడం తప్ప దారి లేదు. పూత గట్టిగా నిలిస్తే, పెచ్చులూడకుండా ఉంటే, 800 నంబరు వాటర్ పేపర్‌తో (నీళ్లు పెట్టి రుద్దే గరుకు కాగితం) మెరుపు చంపి దాని మీదే వేసుకోవచ్చు.

ఇక రంగు. తెలుపు, ఎరుపు, నలుపు లాంటి సాలిడ్ రంగులకు హార్డ్‌నర్ కలిపే పీయూ సింగిల్ స్టేజ్ (రంగూ మెరుపూ ఒకే పూతలో) చాలు, పైన క్లియర్ (రంగు లేని మెరుపు పూత) అక్కర్లేదు. ధూళి పడినా, కారినా ఆరాక 1500, 2000 పేపర్ పెట్టి పాలిష్ చేస్తే సర్దుకుంటుంది. మెరిసే లోహపు పొడి కలిసిన మెటాలిక్‌లో ఆ వెసులుబాటు లేదు. స్ప్రే గన్ దూరం రెండు అంగుళాలు మారినా రేకుల్లాంటి ఆ పొడి ఒకచోట గుమిగూడి మచ్చలు కడుతుంది, బేస్ కోట్ (క్లియర్ కింద ఉండే రంగు పూత) మీద పేపర్ పెడితే ఇంకా చెడుతుంది. సిల్వర్ అయితే మరీ మొండిది. గన్ కొత్తగా పట్టేవాళ్లు తెలుపుతో మొదలుపెట్టడమే మేలు. కారు మొత్తం వేస్తుంటే షేడ్ కాస్త తేడా వచ్చినా డోరు తెరిచినప్పుడే బయటపడుతుంది. ఒక్క ఫెండరే వేస్తుంటే కంపెనీ ఇచ్చిన కలర్ కోడ్‌ను నమ్ముకుని ఊరుకోకండి. చిన్న రేకు ముక్క మీద కొట్టి, క్లియర్ కూడా వేసి, ఎండలో పక్కన పెట్టి చూడండి. అన్నట్టు, పూర్తిగా వేరే రంగుకి మారితే ఆర్‌సీలో మార్పించుకోవాలి, ఇన్సూరెన్స్‌కూ చెప్పాలి.

బేస్ కోట్ వేస్తే ఎండను కాచేది పైనున్న క్లియరే. మన ఎండలకు అక్కడ పీనాసితనం పనికిరాదు. హార్డ్‌నర్ లేని 1కె క్లియర్ చౌకే, కానీ పెట్రోల్ ఒలికితే మెత్తబడుతుంది. హార్డ్‌నర్ కలిపే 2కె తీసుకోండి. అందులోనూ హెచ్‌ఎస్ (హై సాలిడ్, చిక్కటి రకం) రెండు కోట్లకే మందంగా నిలబడుతుంది, చెయ్యి తిరగనివాళ్లకు తొందరగా కారుతుంది. ఎంఎస్ (మీడియం సాలిడ్) కాస్త పలచన, మూడో కోటు పట్టొచ్చు, అయినా ఇంటి పనికి అదే నయం. సాధారణంగా రెండు పాళ్ల క్లియర్‌కి ఒక పాలు హార్డ్‌నర్, కానీ కొన్నిటికి నాలుగుకి ఒకటి, కాబట్టి డబ్బా మీద రాసిందే ఖాయం. కొలత చూపుతో కాదు, గీతలున్న కప్పుతో. త్వరగా ఆరుతుందని హార్డ్‌నర్ ఎక్కువ పోస్తే పూత పెళుసుబారి పగులుతుంది. చిన్న హ్యాచ్‌బ్యాక్ బయటివైపుకి కలిపిన క్లియర్ సుమారు 3 లీటర్లు ఉంచుకోండి. ఒక్కో కోటుకి సరిపడా మాత్రమే కలపండి, ఎండాకాలంలో కప్పులోనే చిక్కబడిపోతుంది.

గన్‌కి 1.3 లేదా 1.4 మి.మీ. నాజిల్, కోటుకీ కోటుకీ మధ్య 10 నుంచి 15 నిమిషాలు. తొందరపడి మీద మీద కొడితే లోపలి థిన్నర్ బయటికి తన్నుకొచ్చి సూదిమొనంత బెజ్జాలు మిగులుతాయి. విజయవాడ మే నెల ఎండలో ఫాస్ట్ థిన్నర్ వాడితే పెయింట్ ప్యానెల్ చేరేలోపే ఆరి గరుకుగా పడుతుంది. స్లో థిన్నర్ అడగండి, తెల్లవారాక చల్లటి వేళ పని పెట్టుకోండి.

పీయూ రంగుకైనా, 2కె క్లియర్‌కైనా కలిపే హార్డ్‌నర్‌లో ఐసోసైనేట్ అనే రసాయనం ఉంటుంది. గుడ్డ మాస్కు దాన్ని ఆపదు, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఉబ్బసం తెచ్చిపెట్టొచ్చు. వాసనతో పసిగట్టలేం కూడా. బయటి నుంచి గాలి అందించే మాస్కు లేకపోతే హార్డ్‌నర్ కలిపే కోట్లన్నీ పెయింటర్‌కి ఇచ్చేయండి. మిగిలిన హార్డ్‌నర్ డబ్బా మూత గట్టిగా బిగించాలి. గాలిలో తేమ తగిలి మసకబారినా, లోపల పలుకులు తేలినా అది ఇక పారేయాల్సిందే.