బాసర తాత అసలు పేరు

మా స్కూలు పాత బిల్డింగులో, వరండా గోడకి ఒక నల్లరాయి ఉంది. కిందటేడు ఆగస్టు 15కి గోడలకి రంగులు వేయించినప్పుడు పెయింటర్లు రాయేదో గోడేదో చూడకుండా రెండు కోట్లు క్రీం కలర్ కొట్టేశారు. పొద్దున్నే వెళ్ళి చూస్తే రాయి అంచు మాత్రమే కొద్దిగా ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చినంత పనైంది. జెండా కోసమే కదా ఈ రంగులన్నీ, ఆ జెండా కింద మొదట ఉండాల్సిన రాయినే పూడ్చేశారు.

మాది తణుకు, పాలకొల్లు మధ్య కాలవగట్టు ఊరు. ముప్ఫై ఏళ్ళుగా సోషల్ చెబుతున్నాను. ఆ శనివారం మధ్యాహ్నం తొమ్మిదో తరగతి పిల్లల్ని నలుగుర్ని కూర్చోబెట్టుకుని, తిన్నరులో గుడ్డ ముంచి రాయి తుడవడం మొదలుపెట్టాం. పైపొర వచ్చింది కానీ అక్షరాల గాడిలో ఉన్న రంగు రాలేదు. ఒక పిల్లాడు ఇంటికి పరిగెత్తి కొబ్బరి పీచు తెచ్చాడు. పీచుని ఉండలా చుట్టి గాడి వెంట రుద్దుతుంటే ఒక్కో ఇంగ్లీషు అక్షరం తెల్లగా, తర్వాత నల్లగా తేలింది. దాదాపు రెండు గంటలు పట్టింది. పూర్తయ్యాక పిల్లల చేత చదివించాను. ఈ గ్రామం నుంచి 1914-1919 మహాయుద్ధానికి 11 మంది వెళ్ళారు, వారిలో ఇద్దరు ప్రాణాలర్పించారు. అంతే.

ఒక అమ్మాయి అటూ ఇటూ చూసి, "పేర్లు లేవేంటండీ?" అంది.

ఇన్నేళ్ళుగా ఆ రాయి పక్కనుంచి నడుస్తున్నాను. ఏటా పిల్లలకి చూపించి "మన ఊరి గొప్పతనం చూడండి" అని చెప్పేదాన్ని. ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు.

ఇలాంటి రాళ్ళు దేశంలో చాలా ఊళ్ళలో ఉన్నాయి. ఆ మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక తెల్లవాళ్ళ ప్రభుత్వం పెట్టించినవి. ఎంతమంది వెళ్ళారు, ఎంతమంది పోయారు అనే లెక్కే ఉంటుంది. ఆ యుద్ధంలో మనవాళ్ళు సుమారు 74 వేల మంది చనిపోయారు. ఢిల్లీలో ఇండియా గేటు మీద ఉన్న పేర్లు 13 వేల పైచిలుకు. ఇరాక్‌లో బస్రా స్మారకం ఉంది. మెసపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్ వైపు, చనిపోయి, సమాధి కూడా దక్కని 40 వేల మందికి పైగా సైనికుల కోసం 1929లో కట్టారు. దాని మీద తెల్ల సిపాయిల పేర్లన్నీ చెక్కారు. మన అధికారుల పేర్లు కూడా చెక్కారు. మన మామూలు సిపాయిల దగ్గరికి వచ్చేసరికి ఫలానా పటాలం, ఇంతమంది అని అంకె వేసి వదిలేశారు. ఇది తప్పేనని, వివక్షేనని కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. వందేళ్ళు పట్టింది ఆ మాటకి.

మన వైపు గోదావరిలో తర్పణం విడిచేటప్పుడు గోత్రం చెప్పి, పేరు చెప్పి, అప్పుడు నీళ్ళు వదులుతారు. మూడు తరాల పేర్లు రానివాడిని పంతులుగారు రేవులోనే మందలిస్తారు. అంతటి పట్టింపు ఉన్న మన ఊళ్ళో ఆ 11 మంది పేర్లు ఎవరికీ తెలియవు. దీనికి తెల్లవాడిని తిట్టి ఊరుకుంటే సరిపోదనిపించింది. వాడు అంకె రాసి వెళ్ళిపోయాడు. పేర్లు దాచుకోవాల్సింది మనం.

అప్పట్నుంచీ వెతుకుతున్నాను. పంచాయతీలో ఏమీ లేదు. పెద్దవాళ్ళని అడిగితే ఎక్కువమంది రంగం వెళ్ళినవాళ్ళ గురించి చెప్పారు, బర్మాలో ధాన్యం మిల్లుల్లో పనిచేసి వచ్చినవాళ్ళు. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద జపాను బాంబులు పడ్డ కబురు విని జనం మూటాముల్లె సర్దుకున్న సంగతి చెప్పారు. అంతకు ముందటి యుద్ధం దగ్గరికి వచ్చేసరికి అందరూ తల అడ్డంగా ఊపారు.

చివరికి పేటలో ఒక మామ్మగారు దొరికారు. ఎనభై దాటాయి, చూపు ఆనదు. వాళ్ళ ఇంటిని ఊళ్ళో అందరూ "బాసర తాత ఇల్లు" అంటారు. నేనూ అలాగే అనేదాన్ని. ఆ తాత ఎప్పుడో బాసర సరస్వతి గుడికి వెళ్ళొచ్చాడు కాబోలు అనుకునేదాన్ని. వాళ్ళది మూడు తరాలుగా చర్చికి వెళ్ళే కుటుంబం అని తెలిసి కూడా అలాగే అనుకున్నాను.

"బాసర కాదమ్మాయ్, బసరా" అన్నారు మామ్మగారు. "మా మావగారి నాన్న. ఓడెక్కి వెళ్ళాడంట. అక్కడ నీళ్ళు ఉప్పగా ఉండేవంట, ఖర్జూరం చెట్లంట. వచ్చాక మూడేళ్ళు బతికాడంతే."

ఒంట్లో వణుకు పుట్టింది నాకు. బస్రా! మన ఊరి నోట్లో నలిగి నలిగి బాసర అయిపోయింది.

లోపల్నుంచి వాళ్ళ మనవడు బైబిలు తెచ్చాడు. అట్ట వెనక గుడ్డలో చుట్టి ఒక వెండి బిళ్ళ. ఒక వైపు ఐదో జార్జి తల, రెండో వైపు గుర్రం మీద మనిషి, 1914, 1918. పైన కొక్కెం విరిగిపోయింది. చంటిపిల్లల మొలతాడుకి కట్టేవాళ్ళం, దిష్టి తగలకుండా అన్నారు మామ్మగారు. నాలుగు తరాల పిల్లల నడుముకి రాసుకుని రాసుకుని రాజుగారి ముక్కూ చెవీ అరిగిపోయాయి. కానీ అంచు అరగలేదు. ఎండలోకి తెచ్చి, భూతద్దం పెట్టి, చుట్టూ తిప్పుతూ చదివాను. ముందు నంబరు. తర్వాత శాపర్ అని, అంటే దారులు, వంతెనలు వేసే సిపాయి. తర్వాత పేరు. చివర ఆయన దళం, క్వీన్ విక్టోరియాస్ ఓన్ శాపర్స్ అండ్ మైనర్స్. అంటే మద్రాసు శాపర్లు, ఈ రోజుకీ బెంగళూరులో ఉన్న మద్రాస్ ఇంజనీర్ గ్రూపు. మెసపొటేమియాలో టైగ్రిస్ నది మీద పడవలతో వంతెనలు వేసిన వాళ్ళలో వీళ్ళున్నారు. పంటు మీద కాలవ దాటుతూ పెరిగిన కుర్రాడు ఎక్కడో టైగ్రిస్ మీద తాళ్ళు లాగాడన్నమాట.

పేరుకి ఇంగ్లీషు స్పెల్లింగు తప్పే. కానీ పేరు ఉంది. ఇంటివాళ్ళది కాబట్టి ఇక్కడ రాయను. మామ్మగారికి ఆ పేరు తెలియదు. మావగారి నాన్న పేరు కోడలు ఎలా పలుకుతుంది అన్నారు. చదివి వినిపిస్తే చేత్తో బిళ్ళని తడిమి, ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు.

ఇది స్టాఫ్ రూంలో చెప్తే ఒక కుర్ర మాస్టారు అన్నాడు, "మేడం, వాళ్ళు తెల్లవాడి జీతానికి పోరాడారు, వాళ్ళు వీరులెలా అవుతారు? మనకి అల్లూరి ఉన్నాడు కదా" అని. మంచి కుర్రాడే, అడగాల్సిన మాటే అడిగాడు. నేను చాలా రోజులు ఆలోచించాను.

అల్లూరి మా జిల్లా బిడ్డ. వాళ్ళది మోగల్లు, చదువుకున్నది భీమవరం, నరసాపురం. 1922 ఆగస్టులో వరుసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయిన ధీరుడు. భీమవరంలో ఆయన 30 అడుగుల కంచు విగ్రహం 2022 జూలై 4న ఆవిష్కరించిన రోజు టీవీ ముందు చేతులు జోడించాను. ఆయన దళం మీదికి ప్రభుత్వం మలబారు పోలీసుల్ని, అస్సాం రైఫిల్స్‌ని దింపింది. ఆ అస్సాం రైఫిల్సే ఈ రోజు మన సరిహద్దు కాస్తోంది. వాళ్ళని ద్రోహులంటామా? అనం, అనకూడదు కూడా. 1947లో తెల్లవాడు వెళ్ళిపోయాక మనం కొత్తగా సైన్యాన్ని పుట్టించుకోలేదు, ఉన్న సైన్యమే మనదైంది. మొట్టమొదటి పరమవీర చక్ర అందుకున్న మేజర్ సోమనాథ్ శర్మ అంతకు ముందు బర్మాలో బ్రిటిష్ ఇండియా సైన్యంలోనే పోరాడాడు. 1947 నవంబరు 3న బడ్గాంలో చేతికి సిమెంటు కట్టుతో ఉండి శ్రీనగర్ విమానాశ్రయాన్ని కాపాడుతూ ప్రాణం వదిలాడు. ఆయన నేర్చుకున్న విద్య ఎవరి హయాంలో నేర్చుకున్నాడని అడుగుతామా?

ఇంకో మాట. డెల్టాలో ప్రతి ఊళ్ళోనూ కాటన్ దొరకి దండ వేస్తాం. 1852లో ఆయన పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యాన అన్నం తింటున్నాం కాబట్టి, స్నానం సంకల్పంలో ఆయన్ని తలుచుకునే పంతుళ్ళు కూడా ఉన్నారు. మేలు చేసిన పరాయివాడిని ఇంత ప్రేమగా గుర్తుపెట్టుకునే మనం, మన ఊరి బిడ్డ ఏ జెండా కింద నిలబడ్డాడని విచారణ పెట్టడం నాకు నచ్చదు. ఈ రోజుల్లో చరిత్ర అంటే ఎవరిని బోనెక్కించాలా అని చూడటం అయిపోయింది. ముందు వాళ్ళెవరో తెలుసుకుని దణ్ణం పెట్టడం నేర్చుకోవాలి, తప్పొప్పులు తర్వాత.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, అందరూ మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ వెళ్ళారు, ఇప్పటికీ వెళ్తున్నారు. అక్కడ ఇంటింటికీ యూనిఫాం ఫొటో ఉంటుంది కాబట్టి ఎవరూ మరిచిపోరు. మా ఊరు అలా కాదు. అందుకే పిల్లల చేత ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టించాను. మొదటి పేజీలో 1 నుంచి 11 వరకూ అంకెలు వేశాం. ఇప్పటికి మూడు నిండాయి. రెండోది చర్చి రిజిస్టర్‌లో దొరికింది, తండ్రి వృత్తి దగ్గర "సిపాయి" అని రాసి ఉంది. మూడోది మా వీధిలోనే, పాత తనఖా కాయితంలో. చనిపోయిన ఇద్దరూ ఎవరో ఇంకా తేలలేదు.

2027 పుష్కరాలకి ఆ పేర్లు చెప్పి తర్పణం వదలమని మా తమ్ముడితో ఇప్పుడే మాట తీసుకున్నాను. పేటలో తాతకి మాత్రం వాళ్ళ పద్ధతిలోనే జరగాలి. మొన్న నవంబరు 2న సమాధుల పండుగకి పాస్టరుగారు ఆ పేరు పైకి చదివారు. కొవ్వొత్తులు వెలిగిస్తున్న జనం తలెత్తి, ఎవరూ అని ఒకరినొకరు అడుక్కున్నారు. మామ్మగారు కుర్చీలోంచే గట్టిగా, "మా బసరా తాత" అన్నారు.

బిళ్ళ మళ్ళీ బైబిల్లో పెట్టేశాం. నోట్‌బుక్ ఈ వారం ఆ ఇంట్లోనే ఉంది, ఆ ఇంటి మనవడు నాలుగో పేరు కోసం పక్క ఊరు వెళ్ళాడు.