‘రన్’ అంటే పరుగొక్కటే కాదు: తెలుగు మీడియం నుంచి వచ్చినవారికి నా ఇంగ్లీష్ ప్రిపరేషన్ అనుభవం

బ్యాంకు పరీక్షలకు, ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) ఉద్యోగ పరీక్షలకు తయారవుతున్న మిత్రులకు, ముఖ్యంగా తెలుగు మీడియంలో చదువుకుని జిల్లాల నుంచి హైదరాబాద్ వచ్చి అశోక్‌నగర్‌లోనో అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో గది తీసుకున్నవారికి ఇది రాస్తున్నాను. ఇంగ్లీష్ సెక్షన్ గురించి నన్ను అడిగేవారి మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: రోజుకు ఎన్ని కొత్త పదాలు బట్టీ పట్టాలి? కొత్త పదాల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు మీకు వచ్చనుకుంటున్న చిన్న పదాల దగ్గర కూర్చోండి. నాకు మార్కులు పెరిగింది అక్కడే.

డిగ్రీ చదివినవారికి ఎస్‌ఎస్‌సీ పెట్టే సీజీఎల్ పరీక్ష మొదటి దశ, అంటే టైర్-1లో ఇంగ్లీష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు. టైర్-2లో 45 ప్రశ్నలు, 135 మార్కులు. ఈ టైర్-2లో తప్పు జవాబుకు ఒక మార్కు కోత. బ్యాంకు పరీక్షల్లో మరో రకం ప్రశ్న కనిపిస్తుంది. ఒకే పదాన్ని మూడు నాలుగు వాక్యాల్లో వాడి, ఏయే వాక్యాల్లో అది సరిగ్గా ఉందో చెప్పమంటారు. అక్కడ ఇచ్చే పదం చాలాసార్లు ఐదో తరగతి పిల్లలకు కూడా తెలిసినదే. తెలిసిన పదం కదా అని తొందరపడితే మార్కు పోతుంది.

నేను ఎంచుకున్న మొదటి పదం ‘రన్’. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 నాటి రెండో ముద్రణలో అన్నిటికన్నా ఎక్కువ చోటు తీసుకున్న పదం ‘సెట్’. దానికి దాదాపు 430 అర్థాలు ఇచ్చారు. తర్వాత సవరణ పనిలో ‘రన్’ దాన్ని దాటేసింది. ఒక్క క్రియగానే దానికి 645 అర్థాలు లెక్క తేలాయని 2011లో వార్తలు వచ్చాయి. ఈ అంకె చూసి బెదిరిపోకండి. అన్ని వందల అర్థాలూ ఒకే వేరు నుంచి వచ్చిన కొమ్మలే. ఆ వేరు దొరికితే చాలావరకు వాటంతట అవే అర్థమవుతాయి.

తెలుగు పక్కన పెట్టి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. మూసీ నగరం మధ్యగా పారుతుంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో నడుస్తుంది. పడిశం పడితే ముక్కు కారుతుంది. ఉతికితే చీర రంగు వదులుతుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లో సినిమా వంద రోజులు ఆడుతుంది. ఒకామె హాస్టల్ నడుపుతుంది. ఒకాయన ఎన్నికల్లో నిలబడతాడు. మనం ఇన్ని క్రియలు వాడిన ఈ ఏడు చోట్లా ఇంగ్లీష్‌వాడు ‘రన్’ అనే అంటాడు. మనవాళ్లు ఎన్నికల్లో నిలబడితే అమెరికావాళ్లు పరుగెత్తుతారు. బ్రిటన్‌వాళ్లు మాత్రం మనలాగే నిలబడతారు, అందుకే అక్కడ ‘స్టాండ్’ అంటారు. మన ఇంగ్లీష్ పత్రికల్లో రెండూ కనిపిస్తాయి.

ఇది ఇంగ్లీష్‌కే ఉన్న వింత అనుకోవద్దు. మన ‘పట్టు’ చూడండి. నిద్ర పట్టింది, తుప్పు పట్టింది, ముసురు పట్టింది, చెమట పట్టింది, గంటసేపు పట్టింది, గొడుగు పట్టాడు, ఇంటి దారి పట్టాడు, అదేదీ నాకు పట్టదు. బట్టీ పట్టడంలోనూ అదే పట్టు. వీటిలో ఒక్కటైనా మనం జాబితా రాసుకుని నేర్చుకోలేదు. పక్కన ఏ మాట ఉందో చూసి అర్థం తెలుసుకున్నాం. ‘రన్’ను కూడా అదే దారిలో నేర్చుకోవచ్చని నాకు గట్టిగా అనిపించింది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఇంగ్లీష్ పేపర్ ముందేసుకుని ఆ పని మొదలుపెట్టాను.

పేజీని మూడు నిలువు గడులుగా గీశాను. మొదటి గడిలో ‘రన్’ అవుతున్నది ఏదో, రెండో గడిలో ‘రన్’ తర్వాత వచ్చిన మాట ఏదో, మూడో గడిలో ఆ చోట మన ఇంట్లో మాట్లాడే తెలుగు క్రియ. ముక్కు, వెనక ఏమీ లేదు, కారుతోంది. ఆమె, హాస్టల్, నడుపుతోంది. లీజు, ఐదేళ్లు, అమల్లో ఉంటుంది. బండి, ఔట్ ఆఫ్ పెట్రోల్, పెట్రోల్ అయిపోయింది. ఇలా రాస్తూ పోతే వేరు దానంతట అదే బయటపడింది: ఆగకుండా ముందుకు సాగడం. నీళ్లయినా, యంత్రమైనా, కాలమైనా, రోడ్డయినా, కొట్టు వ్యాపారమైనా సాగుతూ ఉంటే అది ‘రన్’.

అసలు చిక్కు వెనక వచ్చే చిన్న మాటలతోనే. క్రికెట్లో ‘రన్ ఔట్’ మనకు కొట్టినపిండి. దాని పక్కన ‘ఆఫ్’ చేరితే ఉన్నది కాస్తా నిండుకోవడం. ‘రన్ ఇంటు’కు మూడు దారులున్నాయి: అనుకోకుండా ఎదురుపడటం, వాహనం వెళ్లి గుద్దుకోవడం, నష్టం కోట్లలోకి చేరడం. మొదటిదొక్కటే నేర్చుకుంటే మూడోది ప్యాసేజీలో ఎదురైనప్పుడు తడబడతారు. ‘రన్ డౌన్’ అంటే బ్యాటరీ దిగిపోవచ్చు, ఒక మనిషిని చులకన చేసి మాట్లాడవచ్చు, పాతబడి పాడైన భవనమూ కావచ్చు. ‘రన్ అప్’ క్రియగా వస్తే అప్పులో బిల్లులో పేరుకుపోవడం. నామవాచకంగా, మధ్యలో గీతతో వస్తే బౌలర్ బంతి వేయడానికి ముందు తీసే పరుగు. ఎన్నికల ముందు రోజులకూ అదే మాట వాడతారు. బౌలర్‌ను ఒకసారి తలచుకుంటే రెండో అర్థం ఎప్పటికీ మరిచిపోరు.

బ్యాంకు ఉద్యోగం కోరుకునేవారు ‘రన్ ఆన్ ఎ బ్యాంక్’ దగ్గర కాసేపు ఆగాలి. బ్యాంకు మీద నమ్మకం పోయి డిపాజిటర్లంతా ఒక్కసారిగా డబ్బు వెనక్కి తీసుకోవడానికి ఎగబడటం దీని అర్థం. ఏ బ్యాంకైనా డిపాజిట్లలో ఎక్కువ భాగం అప్పులుగా ఇచ్చేస్తుంది, పెట్టుబడుల్లో పెడుతుంది. అందరూ ఒకేరోజు అడిగితే బాగా నడుస్తున్న బ్యాంకు కూడా ఇవ్వలేదు. 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ అలాగే కూలింది. ఆ భయం తగ్గించడానికే డిపాజిట్ బీమా ఉంది. మన దేశంలో రిజర్వ్ బ్యాంకు అనుబంధ సంస్థ డీఐసీజీసీ ఇచ్చే ఆ బీమా పరిమితిని 2020 ఫిబ్రవరిలో లక్ష రూపాయల నుంచి 5 లక్షలకు పెంచారు. ఇంగ్లీష్ కోసం తెరిచిన పేజీలో బ్యాంకింగ్ అవేర్‌నెస్ కూడా వచ్చి చేరింది. అర్థశాస్త్రంలోని షార్ట్ రన్, లాంగ్ రన్ కూడా ఇదే పేజీలో రాసుకోండి. ఉత్పత్తి సాధనాల్లో కనీసం ఒకటైనా మార్చలేని కాలం మొదటిది, అన్నీ మార్చుకోగలిగేది రెండోది.

మన నోటిలో ఇప్పటికే ఉన్న ‘రన్నింగ్’ను కూడా వదలకండి. అశోక్‌నగర్ జిరాక్స్ షాపుల్లో దొరికే రన్నింగ్ నోట్స్, ఎక్కవద్దని పెద్దలు చెప్పే రన్నింగ్ బస్సు, కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే అబ్బాయిలు పొద్దున్నే సాధన చేసే 1600 మీటర్ల రన్నింగ్. సార్ చెబుతున్నది ఆగకుండా రాసుకుంటూ పోతే రన్నింగ్ నోట్స్, ఆగకుండా పోతున్నది రన్నింగ్ బస్సు. వేరు ఇక్కడా అదే.

తప్పులు పట్టే ప్రశ్నల కోసం రెండు ముక్కలు. ‘హ్యాజ్’, ‘హ్యావ్’, ‘హ్యాడ్’ తర్వాత ‘ర్యాన్’ రాదు, ‘రన్’ రావాలి. ‘రన్నరప్’కు బహువచనంలో ‘ఎస్’ చివర కాకుండా మధ్యలో, ‘రన్నర్స్ అప్’ అని చేరుతుంది.

‘రన్’ పేజీ నిండాక ‘సెట్’, ‘టేక్’, ‘టర్న్’, ‘గెట్’ ఈ వరుసలో వెళ్లండి. ‘గెట్’ను చివరికి ఉంచమనడానికి కారణముంది. దానికి సొంత బరువు తక్కువ, వెనక వచ్చే మాట మీదే పూర్తిగా ఆధారపడుతుంది. మిగతా మూడింటితో చెయ్యి తిరిగాక అది తేలికవుతుంది. మొదటి వారం అర్థాల కోసం నిఘంటువు తెరవకుండా వాక్యాలు మాత్రమే పోగు చేయండి. మూడో గడి నిండకుండా మిగిలిన వాక్యాల కోసమే తర్వాత నిఘంటువు తెరవండి.