ముక్కు సంగతి

రాత్రి పదకొండున్నరైంది. ఈయన, అంటే విగ్రహాలు చేసే మా ఆయన, ఇంకా షెడ్డులోనే ఉన్నారు. అన్నం మూతపెట్టి వచ్చి ఇది రాస్తున్నాను. రోజూ చదివేవాళ్ళకి ఈపాటికి తెలిసిపోయుంటుంది, ఇవాళ మట్టి చూడ్డానికి, అంటే అచ్చు పోసేముందు మట్టిబొమ్మలో పోలిక సరిచూసుకోడానికి, బొమ్మ చేయించుకుంటున్నవాళ్ళు వచ్చారని.

రెండు ఆటోల్లో తొమ్మిది మంది. ఎవరి బొమ్మ చేస్తున్నామో ఆ పోయినాయన కొడుకులు ఇద్దరు, అల్లుడు, ప్రెసిడెంటు గారు, ఓ మనవడు, తక్కినవాళ్ళు ఏమవుతారో నేనడగలేదు. పదో ఆయన ఫోన్లో, కువైట్ నుంచి. మనవడు వీడియో కాల్ పెట్టి, ఫోను తీసుకెళ్ళి బొమ్మ మొహానికి జానెడు దూరంలో పట్టుకున్నాడు. "ముక్కు పెద్దదైపోయిందండీ, నాన్నగారికి అంతుండదు" అని అక్కణ్ణుంచి తీర్పొచ్చింది. అంతే, అప్పటిదాకా బాగుందన్న తొమ్మిది మందికీ ముక్కు పెద్దదిగానే కనబడింది.

జానెడు దూరంలో ఫోను కెమెరా పెడితే ఎవరి ముక్కైనా ఉబ్బుతుంది. ముక్కు కొసకీ చెవికీ మధ్య అయిదంగుళాలుంటుంది. కెమెరా తొమ్మిదంగుళాల్లో ఉన్నప్పుడు ఆ అయిదంగుళాలు చాలా పెద్ద తేడా, ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కి పోతాయి. అదే ఏడెనిమిది అడుగులు వెనక్కెళ్ళి జూమ్ చేస్తే తేడా కలిసిపోతుంది. పైగా తడిమట్టి మెరుస్తుంది. ట్యూబ్‌లైటు కింద ముక్కు దూలం మీద తెల్లటి గీత పడి ఇంకా లావుగా కనిపిస్తుంది. ఇదంతా నాకు తెలుసు. టీ పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను గానీ నోరు తెరవలేదు.

ఈయనేమో "ఆయ్, చూద్దాం లెండి" అని మట్టి గీసే వైరు లూపు తీసుకుని ముక్కుకి రెండువైపులా కాస్త కాస్త గీశారు. అందరూ "ఆఁ, ఇప్పుడొచ్చింది పోలిక" అన్నారు. నిజానికి ముందే ఉంది పోలిక. పక్కనుంచి తీసిన ఫొటో మీద కొలతలు తీసే కాలిపర్ పెట్టి, ఒకటింపావు రెట్టుకి లెక్కకట్టి పెట్టిన ముక్కది.

అందుకే మట్టి చూడ్డానికి ఒకళ్ళే రావాలని, మహా అయితే ఇద్దరని నేను మొదట్నుంచీ అంటున్నాను. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో అడ్వాన్సు ఇచ్చేరోజే తేల్చుకుని రావాలి. మట్టి ఓకే అయినట్టు సంతకం పెట్టేది ఆ ఒక్కరే. పెద్దకొడుకు బుగ్గలు తగ్గించమని, అల్లుడు పెంచమని, ప్రెసిడెంటు గారు కండువా వేయమని అంటే, అన్నీ విని చేసిన బొమ్మ వాళ్ళలో ఎవరికీ నాన్నలా ఉండదు.

చెప్పాల్సినవన్నీ మట్టి మీదుండగానే చెప్పాలి. ఇనుపరాడ్ల చట్రం మీద మట్టి మెత్తినంతకాలం ఏదైనా మారుతుంది, కళ్ళు, చెంపలు, కాలరు, ఏదైనా. ఓకే అన్నాక దాని మీద ప్లాస్టర్ అచ్చు పోస్తాం. మొదటి పూతలో కొంచెం నీలిమందు కలుపుతాం. తరవాత లోపల బొమ్మ తయారయ్యాక అచ్చుని ఉలితో పగలగొట్టేటప్పుడు నీలం కనబడిందంటే బొమ్మ దగ్గర్లో ఉన్నట్టు, చేయి నెమ్మదించాలి. అచ్చు విప్పగానే లోపలి మట్టంతా తవ్వి తీసేస్తాం. అంటే ఆ మొహం ఇంకెక్కడా లేదు, అచ్చులో ఖాళీగా తప్ప. అప్పుడు ఫోన్ చేసి "కొంచెం నవ్వుతున్నట్టు పెడితే బాగుండేది కదండీ" అంటారు. నవ్వంటే పెదాలు ఒక్కటే కాదు. చెంప పైకి లేస్తుంది, కంటి కింద ముడత పడుతుంది, ముక్కు పక్కన గీత లోతవుతుంది. ఆ మాట మట్టి రోజున అంటే ఒక పూట పని. ఇప్పుడైతే మళ్ళీ మొదటికి రావడమే.

ఓకే అన్నది చెప్పకుండా నెల్లాళ్ళు నాన్చేవాళ్ళూ ఉన్నారు. మట్టి కూచుని ఉండదు. రోజుకి రెండుసార్లు నీళ్ళు చిలకరించి, తడిగుడ్డ చుట్టి, పైన పాలిథీన్ కప్పాలి. గుడ్డ నేరుగా మొహం మీద పడితే ముక్కు కొస అణిగిపోతుందని చుట్టూ పుల్లలు గుచ్చి వాటి మీద వేస్తాం. నాలుగు రోజులు ఏమారితే ముందు చెవులు బీటలిస్తాయి, పల్చగా ఉంటాయి కదా. మట్టి ఎండి కుంచించుకుంటుంది, లోపలి ఇనుము కుంచించుకోదు, దాంతో మెడ దగ్గర చీలుతుంది. ఈ కాపలాకి డబ్బులెవరూ ఇవ్వరు. అది చేసేది నేనే కాబట్టి గుర్తుచేస్తున్నాను.

తేదీ గొడవ ఇంకోటి. సంవత్సరీకానికి ఇరవై రోజులుందనగా వస్తారు. మా చేతిలో ఒక బస్టుకి, అంటే తల నుంచి ఛాతీ దాకా ఉండే బొమ్మకి, మట్టి పదిహేను రోజులు, అచ్చూ ఫైబరూ, అంటే గాజునారనీ రెజిన్ జిగురునీ అచ్చులో పేర్చే పనీ, మరో పది రోజులు. ఇది ఎండాకాలం లెక్క. ఇప్పుడున్న ముసురులో ప్లాస్టర్ ఆరదు. చెమ్మ అచ్చులో రెజిన్ వేస్తే గట్టిపడ్డానికి హార్డెనర్ ఎంత కలిపినా జిగట వదలదు, గాజునార మేట్ పొర లేచొస్తుంది. కంచుదైతే ఆ పైన మైనం, పోత, అతుకుల సాఫు, రంగు, ఇంకో నెలన్నర చెప్పుకోవచ్చు. కంచు చల్లారేటప్పుడు నూటికి ఒకటిన్నర, రెండు వంతులు కుదించుకుంటుంది గనక కొలత కచ్చితంగా కావాలన్నవాళ్ళకి మట్టిలోనే ఆ మేరకు పెంచి చేయాలి. అందుకే ఫైబరా కంచా అన్నది మొదటిరోజే చెప్పాలి. మధ్యలో మనసు మార్చుకోకూడదు.

"ఫైబరే కదా, అంత రేటెందుకు?" అంటారు. ఫైబరైనా కంచైనా మట్టి పని ఒకటే, మొహం తేవడానికి పట్టేది అదే పదిహేను రోజులు. "ఆరడుగులదానికి ఇంత అన్నారుగా, తొమ్మిదడుగులకి దాంట్లో సగం కలపండి" అని ఇంకో లెక్క. ఎత్తు ఒకటిన్నర రెట్లైతే పైవైశాల్యం రెండుంపావు రెట్లు, మట్టి మూడు రెట్లు దాటుతుంది. మూడడుగుల విగ్రహం అన్నప్పుడు అది బస్టా నిలువు బొమ్మా, దిమ్మతో కలిపా విడిగానా అని కూడా తేల్చుకోవాలి. ఈ ఒక్కమాట దగ్గర అయిన పంచాయితీలు రాస్తే రెండు టపాలు అవుతాయి. మా పద్ధతి తెలిసిందే, సగం ముందు, పావు మట్టి ఓకే రోజున, పావు బొమ్మ బండెక్కే ముందు. దిగాక ఇస్తామన్న పావులు ఇప్పటికీ దిగుతూనే ఉన్నాయి.

దిమ్మ ఎత్తు ఎవరూ చెప్పరు. అయిదడుగుల దిమ్మ మీద బస్టు కూచుంటే చూసేవాళ్ళకి ముందు గడ్డమూ ముక్కుపుటాలే కనబడతాయి. ఎత్తు తెలిస్తే తల రవ్వంత ముందుకి వంచి చేస్తారు. బోల్టులకి మేమే ప్లైవుడ్ ముక్క మీద బెజ్జాలు పెట్టి పంపుతాం. దాన్ని ఎక్కడో పారేసి మేస్త్రి అంచనాగా బోల్టులు దింపేస్తాడు. ఆవిష్కరణ రోజు పొద్దున్న డ్రిల్లు కోసం పరుగులు. మన వరిచేల నేలలో దిమ్మకి పునాది సరిగ్గా పడకపోతే రెండు వానాకాలాల్లో ఒరుగుతుంది, ఆ పేరు మాత్రం బొమ్మ చేసినవాళ్ళకే వస్తుంది. స్థలం ఎవరిదో కూడా అడగాల్సొస్తోంది. రోడ్లూ ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలకి అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో అంది. బొమ్మ చేయించేసి పెట్టుకునే చోటు లేక గోడౌన్లో ఉంచుకున్నవాళ్ళున్నారు.

కాటన్ దొర బొమ్మలు ఎంత సుఖమో అనిపిస్తుంది ఒక్కోసారి. డెల్టాలో ఆయన విగ్రహం లేని ఊరు వెతుక్కోవాలి. 1899లో పోయాడు మహానుభావుడు, మా దొరకి ముక్కు అంతుండదు అనేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. ఇంట్లో మనిషి బొమ్మ అలా కాదు. ఆ మొహం తెలిసినవాళ్ళు నలుగురే, ఆ నలుగురికీ నాలుగు మొహాలు తెలుసు.

అసలు రాత్రంతా మనసులో మెదులుతున్నది హెడ్మాస్టరు గారి బస్టు. పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పుడు సగమే రాసి వదిలేశాను. కొడుకులిద్దరూ చదువుకున్నవాళ్ళు, ఫొటో పెద్దది చేయించి మరీ తెచ్చారు. మొహం నిండా ఉంది, మెడ కింద కత్తిరించేశారు. నేను చెప్పినట్టే ఇద్దరే వచ్చి మట్టి చూసి, సంతకం పెట్టి వెళ్ళారు. ఒక్క పేచీ లేదు. రెండున్నర అడుగుల ఫైబరు, కంచురంగు, చెప్పిన రోజుకి దిగింది. ఆవిష్కరణకి మేమూ వెళ్ళాం. ముసుగు తీశాక హెడ్మాస్టరు గారి భార్య, మామ్మగారు, దగ్గరికొచ్చి, కుడిచెంప మీద అరచెయ్యి పెట్టారు. తీసి ఎడంచెంప మీద పెట్టారు. తడిమి, ఈయన వైపు తిరిగి "ఈయనేంటి బాబూ, అద్దంలో ఉన్నట్టున్నారు" అన్నారు.

నిజంగానే అద్దమే. అది సెల్ఫీ. ముందు కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లు అద్దంలో కనబడ్డట్టే తిరగేసి దాచుకుంటాయి. పుట్టుమచ్చ అటుది ఇటు వచ్చింది, పాపిడి తిరగబడింది, కొంచెం కిందికి ఉండే ఎడం కనుబొమ్మ కుడివైపుకి పోయింది. చొక్కా జేబు కనబడి ఉంటే పట్టేసేవాళ్ళం, మగవాళ్ళ జేబు ఎడంవైపే కదా ఉండేది. కొడుకులు ఆ మొహాన్ని ఏళ్ళ తరబడి ఫోన్లోనే చూసి అలవాటుపడిపోయారు. యాభై ఏళ్ళు ఎదురుగా కూచుని అన్నం పెట్టినావిడకి మాత్రం చూడగానే తెలిసింది.

మచ్చ గ్రైండరుతో తీసి ఇటువైపు పుట్టీతో పెట్టడం గంట పని. పాపిడికి నెత్తి కోసి కొత్తగా మట్టి మెత్తి, అచ్చు తీసి అతకాల్సొచ్చింది. పదకొండు రోజులు. మీరు చూసుకోవాలి కదా అని వాళ్ళు, సంతకం పెట్టింది మీరే కదా అని మేము. చివరికి ఖర్చు చెరిసగం. అప్పట్నుంచి ఆర్డరు కాయితంలో నేనే రాయిస్తున్నాను, మచ్చ ఏవైపు, పాపిడి ఏవైపు, కళ్ళజోడు ఉంటే ఏ వయసు నుంచి అని. ఎదురుగా ఒకటి, రెండు పక్కలవీ, కాస్త పక్కకి తిరిగిన ముప్పాతిక మొహం ఒకటి, కనీసం నాలుగు ఫొటోలు అడుగుతున్నాను. స్టూడియో ఫొటో ఒక్కటే ఇస్తే చాలదు. పాతకాలం స్టూడియోల్లో నెగెటివ్ మీద పెన్సిల్‌తో ముడతలు కప్పేసేవాళ్ళు, అరవై ఏళ్ళాయనకి నలభై ఏళ్ళ నుదురు ఉంటుంది.

ఇక్కడిదాకా రాసి పైనుంచి ఓసారి చదువుకున్నాను. ఒకళ్ళే రావాలి అని గట్టిగా రాసేశాను గానీ, హెడ్మాస్టరు గారి విషయంలో సరిగ్గా అలాగే జరిగింది, అదే కొంప ముంచింది. ఇవాళ తొమ్మిది మంది వచ్చారని విసుక్కున్నాను గానీ, ఆ తొమ్మిది మందిలో వాళ్ళమ్మగారు లేరు. "మోకాళ్ళ నొప్పులండీ, ఆటో ఎక్కలేదు" అన్నారు. ప్రెసిడెంటు గారు ఎక్కారు.

ఇంకోటి. అడ్వాన్సు గురించి చెప్పాను, బొమ్మని ఎలా చూడాలో మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. ఆరడుగుల దూరంలో నిలబడి చూడండి, స్టాండు తిప్పుతాం చుట్టూ చూడండి, ట్యూబ్‌లైటు ఆర్పి ఒక పక్కన ఎత్తుగా బల్బు పెడతాం, ఫోన్లో చూపించాలంటే దూరం వెళ్ళి జూమ్ చేయండి అని. వాళ్ళకెలా తెలుస్తుంది? మనం ఏళ్ళ తరబడి ఈ మట్టిలో ఉన్నాం, వాళ్ళు నాన్న పోయి ఆరు నెలలైనవాళ్ళు. కువైట్ అబ్బాయికి నాన్న ముక్కు గుర్తుండదని నేనెలా అంటాను, చివరిచూపుకి కూడా రాలేకపోయాడట. పాపం అనిపించింది. అయినా జానెడు దూరం నుంచి తీర్పేంటి అని కోపం మాత్రం పోలేదు.

సంతకం ఒకళ్ళదే. అది మార్చను. కానీ ఆ మొహంతో కాపురం చేసినవాళ్ళు ఒక్కసారైనా మట్టి చూడాలి. రాలేకపోతే కారు పంపించాలి, ఆ డీజిలు ఖర్చు మాదైనా సరే.

మధ్యలో లేచి షెడ్డులోకి వెళ్ళొచ్చాను. వాన చినుకులు, కాలవ గట్టు మీద కప్పలు. ఈయన ముక్కు ముట్టుకోలేదు. పక్క బొమ్మ కాలరు సరిచేస్తున్నారు. బల్ల మీద చిన్న తడిగుడ్డ కప్పి ఉంది. ఎత్తి చూస్తే గోళీకాయంత మట్టి. పొద్దున్న గీసిందే, పారేయకుండా ఉండచుట్టి పెట్టారు.

పెద్దబ్బాయికి మెసేజ్ ఇప్పుడే పెట్టేశాను. "బాబూ, ఆదివారం పది గంటలకి కారు పంపిస్తాం. అమ్మగారిని తీసుకురండి. మెట్లు లేవు, కుర్చీ వేస్తాం. మీ తమ్ముడుగారు ఫోన్లో చూడాలంటే నేనే దూరం నుంచి చూపిస్తాను. అచ్చు అప్పటిదాకా పోయం."

రెండు టిక్కులు పడ్డాయి. చూడలేదు ఇంకా.