నాన్న చేసే పనులు ఎవరు చేయాలి

నాన్న పోయి ఏడాది కావస్తోంది. ఈ మాఘంలో సాంవత్సరీకం. మొన్న నా స్నేహితురాలి ఇంట్లోనూ ఇలాగే జరిగింది. పెద్దకర్మ అయిన మర్నాడు ఫోన్ చేసి, "ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదే, నీకు గుర్తున్నవి చెప్పు" అంది. అప్పటికి తోచింది చెప్పాను. పెట్టేశాక ఇంకా చాలా ఉందనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

మాది తెనాలి. నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఒక తెల్లవారుజామున నిద్రలోనే వెళ్లిపోయారు. నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పేరోల్ పని చూస్తాను. తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. వాడు వచ్చేదాకా నాన్నను ఫ్రీజర్ బాక్సులో ఉంచాం. ఆ గంటల గురించి రాయడం ఇప్పటికీ నావల్ల కాదు.

కర్మ రోజులు జనంతోనే గడిచిపోయాయి. పొయ్యి వెలిగించే పని లేకుండా చుట్టుపక్కల వాళ్లే క్యారేజీలు పంపారు. కష్టమల్లా పరామర్శకు వచ్చినవాళ్ల ప్రశ్నతోనే. "ఎలా జరిగింది?" అని ప్రతి ఒక్కరూ అమ్మనే అడుగుతారు. ఆవిడ మళ్లీ మొదటి నుంచీ చెప్పాలి, పడుకునే ముందు ఆయన మజ్జిగ తాగిన దగ్గర్నుంచి. రెండో రోజుకు అమ్మ గొంతు పోయింది. అది చూసి మా పెద్దమ్మ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్లకు జరిగిందంతా తనే చెప్పి, "లోపల మాత్రం ఆ మాట ఎత్తకండమ్మా, ఊరికే పక్కన కూర్చోండి చాలు" అని పంపేది. అలాంటి మనిషి ఒకరు ఇంటికి ఉండాలి. లేకపోతే ఎవరినైనా అడిగి మరీ కూర్చోబెట్టుకోవాలి. ఆ రోజుల్లో అమ్మకు అంతకన్నా పెద్ద సాయం ఎవరూ చేయలేదు.

అందరూ వెళ్లిపోయాక నాన్న చేసే పనులు ఒక్కొక్కటే బయటపడటం మొదలైంది. మొదట నీళ్లు. మున్సిపాలిటీ నీళ్లు పొద్దున్నే వస్తాయి. సంపు నిండాక మోటారు వేసి పైన ట్యాంకు నింపాలి, రెండు వాల్వుల్లో ఏది ఎప్పుడు తిప్పాలో నాన్నకే తెలుసు. పక్కింటి కుర్రాడు చూపిస్తే అమ్మ నేర్చుకుంది. తర్వాత ఇన్వర్టర్. మార్చిలో ఓ రాత్రి కరెంటు పోయి, కాసేపటికే ఇన్వర్టర్ కీచుమని మోగడం మొదలైంది. నేను ఆ వారం అక్కడే ఉన్నాను. టార్చి వేసి చూస్తే బ్యాటరీ మీదున్న చిన్న ఎర్ర సూచికలు అడుక్కి దిగిపోయి ఉన్నాయి. డిస్టిల్డ్ వాటర్ పోయాలని మర్నాడు ఎలక్ట్రీషియన్ చెప్పాడు.

అతను వెళ్లాక అమ్మ వంటింట్లోకి వెళ్లి క్యాలెండర్ కాగితం తిప్పింది. అది ఇంకా ఫిబ్రవరి మీదే ఉంది. ఆ హడావిడిలో తిప్పాలన్న ధ్యాస ఎవరికీ లేదు. నాన్నకు ఒక అలవాటుంది. జనవరి ఒకటిన కూర్చుని, పెద్ద గళ్ల క్యాలెండర్‌లో ఏడాది పొడవునా చేయాల్సిన పనులన్నీ రాసేసేవారు. మార్చి మొదటి వారం గడిలో నీలం ఇంకుతో 'ఇన్వర్టర్ నీళ్లు' అని ఉంది. దాని కింద, ఇంకో గడిలో, 'సుశీ బీపీ మాత్రలు – నెలకు సరిపడా'. సుశీ అంటే అమ్మ. ఏప్రిల్ తిప్పితే 'ఇంటిపన్ను – 30 లోపు మొత్తం కడితే 5 శాతం తగ్గింపు'. జూన్‌లో 'చూరు గొట్టాలు శుభ్రం', అక్టోబరులో 'ఎల్ఐసీ'. డిసెంబరు దాకా ఉన్నాయి. అమ్మ అక్కడే నేల మీద కూర్చుని ప్రతి కాగితమూ తిప్పి చదివింది. తర్వాత నన్ను ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కురమ్మంది.

ఆ నోట్‌బుక్కే మా ఇంటిని నడిపించింది. నాన్న రాసినవన్నీ అమ్మ నెలలవారీగా అందులోకి ఎత్తి రాసింది. కరెంటు సర్వీసు నంబరు, గ్యాస్ కన్స్యూమర్ నంబరు, పాలవాడిది, పేపరు కుర్రాడిది, కొబ్బరికాయలు దింపే మనిషిది ఫోన్ నంబర్లు మొదటి పేజీలో. నెలనెలా తిథి నాడు ఇచ్చే స్వయంపాకానికి ఏమేం తేవాలో కూడా అందులోనే.

ఇక కాగితాల సంగతి. ఇది కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే దుఃఖంలో ఉన్నప్పుడు ఎవరూ దీన్ని వరసగా చెప్పరు. ఇంట్లో చనిపోతే 21 రోజుల్లోపు మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో నమోదు చేయించాలి. ఆ గడువు దాటితే ఫీజులు, పై అధికారుల అనుమతులు, బోలెడు తిరుగుడు. సర్టిఫికెట్ ప్రింటు తీసే ముందు పేరులో ఒక్కో అక్షరం చూసుకోండి. మన ఇంటిపేర్లతో పెద్ద చిక్కు ఇది: ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో పొడి అక్షరమే, పట్టాదారు పాస్‌పుస్తకంలో ఇంకోలా. డెత్ సర్టిఫికెట్ ఒకటి సరిగ్గా ఆధార్‌తో కలిస్తే మిగతావాటికి ఏదో ఒక దారి దొరుకుతుంది.

దాని తర్వాత ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. వార్డు సచివాలయంలో దరఖాస్తు పెడితే, విచారణ అయ్యాక తహసీల్దారు ఇస్తారు. ఆ రెండూ చేతిలో ఉంటే చాలా పనులు కదులుతాయి. పెన్షన్ విషయం మాత్రం సబ్ ట్రెజరీలో ఆలస్యం చేయకుండా చెప్పాలి. పెన్షన్ చనిపోయిన రోజు వరకే, మర్నాటి నుంచి భార్యకు ఫ్యామిలీ పెన్షన్. చెప్పకుండా ఊరుకుంటే ఎక్కువ జమైన డబ్బంతా వెనక్కి కట్టాల్సి వస్తుంది. నాన్న ఏటీఎం కార్డు పిన్ మా అందరికీ తెలుసు. అయినా దాంతో డబ్బు తీయలేదు, ఫోన్‌పేలో పంపలేదు. ముందు బ్యాంకుకు చెప్పాం. సిమ్ మాత్రం రీఛార్జ్ చేసి ఉంచాం, ఎల్ఐసీ నుంచీ బ్యాంకు నుంచీ మెసేజ్‌లు దానికే వస్తాయి కాబట్టి. మూడు నెలలు అసలు వాడకపోతే ఆ నంబరు పోతుంది.

నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లలో నామినీ ఉన్నవి సులువుగానే తేలాయి. ఒకదానికి నామినీ లేదు. అది తేలడానికి వారసులందరి సంతకాలు, స్టాంపు పేపరు మీద బాండు, జామీనుదారులు, అన్నీ కావాలన్నారు. తమ్ముడు తిరిగి విమానం ఎక్కకముందే వాడి సంతకాలు తీసుకున్నాం. అక్కడికి వెళ్లాక అయితే ప్రతి కాగితానికీ కాన్సులేట్ చుట్టూ తిరగాలి. విదేశాల్లో పిల్లలున్న ఇళ్లలో ఈ ఒక్క విషయం ముందే గుర్తుపెట్టుకుంటే ఎంతో మేలు. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. మీ అమ్మానాన్నలు బాగున్నప్పుడే, కాఫీ తాగుతూ, ఆ మాట అడిగేయండి. అపశకునమేమీ కాదు.

ఇంత చెప్పాను గానీ, నేను అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది. కర్మ అయ్యాక మా మేనమామ అమ్మను నిద్రకు తీసుకెళ్తుంటే, గుమ్మంలో ఆగి, "నేను వచ్చేదాకా బీరువా ముట్టుకోకండి" అంది. అప్పటికే తమ్ముడు అన్నీ స్కాన్ చేసి పెట్టుకుందామని చూస్తున్నాడు. ఆవిడ తిరిగొచ్చాక వాడు, "అమ్మా, ఇవన్నీ నేనూ అక్కా చూసుకుంటాం, నువ్వు రెస్ట్ తీసుకో" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. అమ్మ వాడి చేతిలోంచి ఫైలు తీసుకుని, "రెస్ట్ తీసుకుని ఏం చేయమంటావురా? మంచం మీద వాలితే ఆయనే కనిపిస్తున్నారు. కాగితం ఏది దేనికో చెప్పు, సంతకాలు నేను పెడతా, తిరిగేది నేను తిరుగుతా" అంది.

అప్పటి నుంచీ మేము పక్కన ఉన్నాం, అంతే. బ్యాంకులో కౌంటర్ దగ్గరి అబ్బాయి అమ్మను దాటి నన్నే అడుగుతుంటే, "అకౌంటు నాది బాబూ, నాతో చెప్పు" అంది. అతను కుర్చీ వేసి మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు. ట్రెజరీలో ఏ కాగితం ఇచ్చిందో, ఎవరు తీసుకున్నారో, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో బయటికి రాగానే నోట్‌బుక్‌లో రాసుకునేది. నాన్న ఉన్నన్నాళ్లూ ఆవిడ పాస్‌బుక్ తెరిచి చూసింది లేదు. ఇప్పుడు డిపాజిట్ ఏది ఎప్పుడు మెచ్యూరవుతుందో నన్ను అడగక్కర్లేదు.

పిల్లలం మంచి చేస్తున్నామనుకుని అమ్మ చేతుల్లోంచి అన్నీ లాగేసుకుంటే, భర్తతో పాటు ఇల్లు కూడా ఆవిడ చేజారిపోతుంది. ఇది నేను గట్టిగా నమ్ముతున్నాను. ఓపిక లేకపోతే వేరే సంగతి. ఓపిక ఉంటే మాత్రం ఆవిడ పని ఆవిడను చేయనివ్వండి, ఆలస్యమైనా సరే. బట్టల విషయంలోనూ అంతే. ఎవరెవరో దానం చేసేయమన్నారు. అమ్మ వర్షాకాలం దాకా వాటి జోలికి వెళ్లలేదు. ఒక రోజు తనంతట తనే బీరువా తెరిచి, చొక్కాలు మడతపెట్టి, రిక్షా అతనికి ఇచ్చింది.

పనిలో పడితే మర్చిపోతారంటారు. ఎవరూ మర్చిపోరు. పని ఉంటే రోజుకు ఒక ఆకారం ఉంటుంది, ఏడవడానికి కూడా ఒక సమయం దొరుకుతుంది. నాకు అది ఆఫీసులో దొరికింది. ఉద్యోగుల ఆరోగ్య బీమా పాలసీ రెన్యువల్ సమయంలో డిపెండెంట్ల, అంటే వాళ్ల మీద ఆధారపడ్డ కుటుంబ సభ్యుల, జాబితా సరిచూడాలి. ఇన్నేళ్లలో ఎంతమంది ఉద్యోగుల తల్లుల, తండ్రుల పేర్లు తీసేశానో. కారణం అన్న గడిలో 'మరణం' ఎంచుకుని సేవ్ నొక్కడమే. ఆ మధ్యాహ్నం నా వరస వచ్చేసరికి నాన్న పేరు, పుట్టిన తేదీ తెర మీద కనిపించాయి. చేయి కదల్లేదు. పక్క సీటు అమ్మాయి చూసి, ఏమీ అనకుండా నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్లింది. చాలాసేపు ఏడ్చాను, పెద్దకర్మ రోజున కూడా అంతగా ఏడవలేదు. తర్వాత వచ్చి నేనే తీసేశాను. అప్పటి నుంచీ ఎవరైనా ఉద్యోగి ఇలాంటి మార్పు కోసం మెయిల్ పెడితే, ఫారం పంపే ముందు ఒకసారి ఫోన్ చేసి మాట్లాడుతున్నాను.

ఫోన్లు కూడా పంచుకున్నాం. తమ్ముడికి రాత్రయ్యే వేళకు ఇక్కడ పొద్దున, కాబట్టి అమ్మ కాఫీ టైముకు వాడు చేస్తాడు. రాత్రి భోజనం అయ్యాక నేను. మొదట్లో "తిన్నావా, మాత్ర వేసుకున్నావా" తప్ప ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. ఇప్పుడు నోట్‌బుక్ ముందు పెట్టుకుని ఆవిడే చెబుతుంది.

మిగిలింది పొలం. ఉన్నది కొంచెమే, కానీ పాస్‌పుస్తకంలో ఇంకా నాన్న పేరే ఉంది. అమ్మ పేరు మీదికి మార్చడానికి నేనూ తమ్ముడూ ఒప్పుకుని సంతకాలు పెట్టాం, వీఆర్వో విచారణ అయింది. వచ్చే వారం తహసీల్దారు ఆఫీసుకు రమ్మన్నారు. సెలవు పెట్టి వస్తానన్నాను. "సాంవత్సరీకానికి ఎలాగూ రావాలి కదా, సెలవులు దానికి దాచుకో" అని, ఆటో అతనికి పొద్దున తొమ్మిదింటికి రమ్మని అమ్మే చెప్పి పెట్టుకుంది.